నూరు పదాల కారణం

వదిన ఫోన్ చేసే వేళకి అంకెలమ్మ ఆఫీసు వంటగదిలో కాఫీ కలుపుకుంటోంది. ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. సిటీ బస్సుల సంస్థలో డేటా విశ్లేషించడం ఆమె పని.

"ఏమే, ఈ 'ఎవరో ఒకామె' ఎవరు?"

వదిన అన్నగారి భార్యే కాదు, వచ్చే నెల జరగబోయే డేటా సైన్స్ సదస్సుకి పెద్దదిక్కు కూడా. ప్రసంగాలకు దరఖాస్తు చేసుకునే వెబ్‌సైటును ఆడపడుచు చేతే కట్టించుకుంది.

కప్పులో చెంచా ఆగిపోయింది. సైటు పనిచేస్తోందో లేదో చూద్దామని అంకెలమ్మ ఒక ఉత్తుత్తి దరఖాస్తు ఎక్కించింది. పేరు గడిలో 'ఎవరో ఒకామె' అని కొట్టింది. విషయం గడిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని, బస్సులు ఎందుకు ఆలస్యమవుతాయో మనసులో ఉన్నదంతా రాసేసింది. తీసెయ్యడం మరిచిపోయింది.

"పేర్లు దాచి మార్కులేశాం. అరవైరెండింటిలో అదే ఫస్టు!"

"అయ్యో వదినా, అది నా ఉత్తుత్తిది! తీసెయ్."

"ఎలా తియ్యనే తల్లీ? మార్కులు పడ్డాక ఎవరూ తియ్యకుండా తాళం వేసింది నువ్వే కదా! మూడేళ్ల నుంచి అడుగుతున్నా, వచ్చి మాట్లాడమని. చెప్పడానికి నా దగ్గరేముంది అంటావు. ఏమీ లేకపోవడమంటే ఇదా?"

"మా సార్ చెప్తార్లే. ఎప్పుడూ ఆయనేగా."

"మీ సార్‌కి ఎవరూ మార్కులెయ్యలేదు. అంతగా వద్దనుకుంటే, 'విరమించుకుంటున్నాను' అని మీట ఉంది, నొక్కుకో. అయిదింటికి కార్యక్రమ పత్రం అచ్చుకి పోతుంది." ఫోన్ పెట్టేసింది.

అంకెలమ్మ కాఫీతో సహా పరుగున వెళ్లి మీట నొక్కింది. ఒక పెట్టె తెరుచుకుంది. 'కారణం నూరు పదాలకు తగ్గకుండా రాయండి.' ఆఖరి నిమిషంలో ఎగ్గొట్టేవాళ్లను ఆపడానికి ఆ నియమం పెట్టింది కూడా తనే.

'నాకు భయం. గొంతు వణుకుతుంది. మోకాళ్లు కూడా.'

ఆరు పదాలు. పెట్టె ఎర్రబడింది.

'మా సార్ నాకంటే బాగా చెబుతారు.'

పదకొండు. అక్కడ వేలు ఆగింది. బాగా చెబుతారా? ఆమె చేసిన పనిని ఆయన మూడుసార్లు వేదికెక్కించారు. మూడుసార్లూ ఆమె మూడో వరసలో ఊపిరి బిగబట్టి కూర్చుంది. మూడుసార్లూ ఆయన ఆలస్యమంతా ట్రాఫిక్ మీదికే తోసేశారు.

'ఆయన గొంతు బాగుంటుంది. చెప్పేదే తప్పు' అని కలిపింది. ఇక చేతులు ఆగలేదు. ఆలస్యం రోడ్డు మీద కాదు, స్టాపుల్లో. బస్సు మెట్టు మరీ ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎక్కడానికి పదకొండు సెకన్లు పడుతుంది, మెట్టు తగ్గించిన బస్సులోనైతే నాలుగే. ఆ లెక్క కోసం తను వర్షంలో తొమ్మిది రోజులు స్టాపులో నిలబడింది. ఒక పెద్దావిడ రోజూ తన గొడుగులో సగం ఇచ్చేది. ఆవిడ బస్సెక్కడానికి పడే పాట్లు ట్రాఫిక్ ఖాతాలో పడిపోతుంటే నోరు మూసుకుని కూర్చోవాలా?

తలెత్తి చూసేసరికి రెండువందల పద్నాలుగు పదాలు. అయిదుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. మొదటి నుంచి చదువుకుంది. విరమణలా లేదు, ప్రసంగంలా ఉంది. ఒక్కతే పకపకా నవ్వింది. పక్క బల్ల ఆయన కుర్చీ కొంచెం దూరం జరుపుకున్నాడు.

ఆ పెట్టె మూసేసి, దరఖాస్తు తెరిచి, పేరు గడిలో తన అసలు పేరు కొట్టి, ఫోన్ తీసింది.

"వదినా, ఈ నూరు పదాల నియమం పెట్టిన మహాతల్లి ఎవరు?"

"నువ్వేనే!"

"దాని తెలివి తగలెయ్య! వస్తున్నా."

సదస్సు రోజున గొంతు వణికింది. మోకాళ్లూ వణికాయి. మూడో వరసలో, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట, సార్ కూర్చున్నారు. ప్రసంగం పెద్దావిడ గొడుగు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు వణుకు సంగతే గుర్తులేదు.

చివర్లో సార్ లేచారు. "మరి ట్రాఫిక్కో?"

"ట్రాఫిక్ పాపం ఏమీ ఎరగదు సార్. మెట్టే!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వేసి, కూర్చుని, పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. అంతమంది నవ్వుల్లో ఆమెకు అదే కనిపించింది.

వెనక వరస నుంచి వదిన గడియారం ఊపింది. "అయిదు నిమిషాలు ఎక్కువైంది, దిగవే!"

"ఇంకొక్క నూరు పదాలు, వదినా!"