అరువిచ్చిన బ్యాటరీ

ఇలా దగ్గరికి జరుగు శాలినీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. సెల్‌ఫోన్లు మన కొల్లేటి ఊళ్ళకి అప్పుడప్పుడే వస్తున్న రోజుల మాట ఇది.

ఆ వేళ పదకొండు కాకముందే దాదాపీర్ మూడో ఫోను విప్పాడు. ఏలూరు బస్టాండు ఎదురుగా, చెప్పుల కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య ఆయన బల్ల. బక్కపలచటి మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, సోల్డరింగ్ వేడికి కాయలు కాచిన వేళ్ళు. చార్జింగ్ ఎక్కడం లేదని ఎవరొచ్చినా ముందు స్క్రూడ్రైవర్ పట్టేవాడు కాదు. పిన్ను పెట్టే కన్నంలోకి ఉఫ్‌మని ఊది, పాత పళ్ళ బ్రష్షుతో తుడిచేవాడు. సగం ఫోన్లు అక్కడే లేచి కూర్చునేవి. కొల్లేటివాళ్ళవైతే చేప పొలుసు రాలేది.

చొక్కా జేబులో ఆయన సొంత ఫోను. భార్య మహబూబ్ బీకి ఆయాసం జబ్బు. ఇద్దరికీ ఒక ఏర్పాటు ఉండేది. ఒక్క రింగిచ్చి ఆపేస్తే అన్నం వండానని. రెండు రింగులైతే ఆయాసం వచ్చింది, రమ్మని.

కొల్లేటికోట బస్సు దిగి కృపమ్మ పరుగున వచ్చింది.

"చచ్చిపోయిందండీ ఇది! రాత్రంతా చార్జింగ్ పెట్టే ఉంచానండీ."

"ఎక్కడ పెట్టారండీ?"

"చేపల చెరువు గట్టు మీదండీ, మోటారు లైనుకి తగిలించాను. ఇంట్లో కరెంటు లేదు మరి."

దాదాపీర్ బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి వేలితో తిప్పాడు. పొట్ట ఉబ్బిందేమో, గిరగిరా తిరిగింది.

"దీనికి నెలలు నిండాయండీ."

కృపమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. "నిండింది మా అమ్మాయి సిల్వియాకండీ. తాడేపల్లిగూడెంలో నొప్పులు మొదలయ్యాయని రాత్రి అల్లుడు చేశాడు, బిడ్డ అడ్డం తిరిగిందట. ఏ ఆసుపత్రిలో చేర్చారో మళ్ళీ ఈ ఫోనుకే చేసి చెబుతానన్నాడు."

బల్ల మీద ఉన్నవన్నీ ప్రాణం లేనివే. ఆ సైజు బ్యాటరీ ఆయన జేబులో ఒక్కటే ఉంది. తీసి ఆమె ఫోనులో వేశాడు. తెర వెలిగింది.

"మరి మీకో?"

"మా ఆవిడ అన్నం వండానని చెప్పడానికేగా. ఆకలైతే నాకే తెలుస్తుంది లెండి. పదండి, బస్సు కదులుతోంది."

తరవాత ఒక కాలేజీ మేష్టారు ల్యాప్‌టాప్ తెచ్చారు. చార్జరు వైరు పిన్ను దగ్గర లోపల తెగింది. పైకి కనబడదు. వేళ్ళతో తడిమి, కోసి, అతికి, పచ్చదీపం వెలిగేదాకా ఆయన తల ఎత్తలేదు. రెండు దాటింది.

ఆకలేసి తంగెళ్ళమూడిలో ఇంటికి చేరేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. పొయ్యి మీద అన్నం గిన్నె, మూత కూడా తీయలేదు. మహబూబ్ బీ గోడకి చేరబడి ఉంది. పిడికిట్లో ఫోను. పిలిచాడు. తట్టాడు. ఒళ్ళు చల్లబడింది. తెర మీద వరసగా ఆయన పేరే, తొమ్మిదిసార్లు.

నాలుగోరోజు కృపమ్మ బ్యాటరీని చేతిరుమాలులో మూటగట్టి తెచ్చింది. ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు.

"ఏ బిడ్డండీ?" అని ముందు ఆయనే అడిగాడు.

"ఆడపిల్లండీ. నా రక్తమే ఎక్కించారు. గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదన్నారండీ. మీ ఆవిడగారు కోప్పడలేదు కదండీ?"

"లేదండీ," అన్నాడు దాదాపీర్, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఏమీ అనలేదు." రుమాలు మూట విప్పకుండానే వెనక్కి జరిపాడు. "ఉంచుకోండి. మనవరాలి కబుర్లు వినాలిగా."

టీ బడ్డీ అతను చెబితే తెలిసింది కృపమ్మకి. ఎదురుగా బస్టాండు అరుగు మీద చీకటిపడేదాకా కూర్చుంది. నెల తిరక్కుండా దాదాపీర్ కూతురు అస్మా వచ్చి తండ్రిని తనతో తీసుకుపోయింది. ఆ బల్ల దగ్గర మళ్ళీ ఎవరూ కూర్చోలేదు.

సిల్వియాకి పుట్టిన ఆ పిల్లకి శాలిని అని పేరు పెట్టారు. అందుకే నీకు చెబుతున్నానమ్మా. మరిచిపోకు. రేపు నీ పిల్లలకి కూడా చెప్పు, మహబూబ్ బీ పేరు కూడా చెప్పు. మీ అమ్మమ్మ కృపమ్మ బైబిలు పక్కన రేకు డబ్బాలో ఉంది ఆ బ్యాటరీ. అదీ ఉబ్బిపోయింది ఇప్పుడు, రుమాలు ముడి బిగుసుకుపోయింది.