నీలం పట్టీ, గంజి గుడ్డ

మా అత్తగారిది లాండ్రీ. ఆవిడ చేతిలో పడ్డ గుడ్డ ఏదైనా గంజి తాగకుండా బయటికి రాదు. మా ల్యాబు కోట్లన్నీ ఆవిడ దగ్గరికే వెళతాయి. తిరిగొచ్చిన కోటు తొడుక్కుంటే మోచేయి వంచడానికి ఒక పూట పడుతుంది.

ల్యాబులో నేనూ మూడేళ్లుగా గంజితోనే కుస్తీ పడుతున్నాను. కాకపోతే నాది చదువుకున్న గంజి. అయొడిన్‌ను మెల్లగా వదిలేలా దాని పట్టు కాస్త సడలించి, లోపల ఆ అయొడిన్ దాచి, చేపతోలు నుంచి తీసిన కొల్లాజెన్‌తో కలిపి, గాయాల మీద వేసే పల్చటి పట్టీ చేశాను. కొల్లాజెన్ కొత్త చర్మానికి ఊతం, అయొడిన్ క్రిములకు మందు. గంజికి అయొడిన్ తగిలితే నీలమవుతుంది కదా, అందుకే అది లోపల ఉన్నంతసేపూ పట్టీ నీలంగా ఉంటుంది, గాయంలోకి దిగిపోయాక తెల్లబడుతుంది. అప్పుడు మార్చాలన్నమాట.

ఆ రోజు పదకొండింటికి ఆసుపత్రి నుంచి సర్జన్‌గారు పట్టీ చూడడానికొచ్చారు. ఆయన సరేనంటే పట్టీ ఆసుపత్రి పరీక్షలకు వెళుతుంది, కాదంటే నా మూడేళ్లూ అటకెక్కుతాయి. గాయానికి బదులు స్పాంజి, దాని మీద అత్తగారు ఉతికి తెచ్చిన నూలుగుడ్డ. "దీనికి మాత్రం గంజి వద్దు అత్తయ్యా" అని ముందురోజే మూడుసార్లు చెప్పాను. కంగారులో గుడ్డను తడిమి చూడకుండానే నీళ్లలో ముంచి పరిచి, పట్టీ వేశాను.

పది నిమిషాలయింది, ఇరవై అయింది. నీలం కదలదే!

"ఏమ్మా, ఇది తెల్లబడేలోపు నా జుట్టు తెల్లబడేలా ఉంది" అని సర్జన్‌గారు వాచీ చూసుకున్నారు.

కోట్ల మూటతో గుమ్మంలో నిలబడ్డ అత్తగారు దగ్గరికొచ్చి వంగి చూశారు. "అమ్మాయ్, నీలం నీ పట్టీలో లేదు. నా గుడ్డలో ఉంది!"

నేను ఆపేలోపే రెండు వేళ్లతో పట్టీ ఎత్తేశారు. అది పాలలా తెల్లగా ఉంది. కింద గుడ్డ మీద, అంతే కొలతతో, నీలం చదరం. ఇంతసేపూ పల్చటి పట్టీలోంచి మాకు కనబడింది అదే.

"గంజి పెట్టారా?" ఒళ్లు మండింది నాకు.

"కొంచెమేనమ్మా. బొత్తిగా లేకుండా ఇవ్వడానికి చేతులు రాలేదు."

సర్జన్‌గారు కళ్లజోడు సర్దుకుని గుడ్డను అటూ ఇటూ తిప్పారు. "మందు బయటికొచ్చిందని ఇంతకంటే రుజువేం కావాలి? పరీక్షలకు పంపించండి. అన్నట్టు, ప్రతిసారీ ఇలాంటి గుడ్డ మీదే చూపించాలి. గంజి ఎంతో కొలత రాసివ్వండి."

ప్రాణం లేచొచ్చింది. కొలత కోసం అత్తగారిని అడిగాను.

"పిడికెడు."

"పిడికెడంటే ఎన్ని గ్రాములు?"

ఆవిడ నన్ను జాలిగా చూసి, ల్యాబు డబ్బాలోంచి పిడికెడు గంజిపిండి తీసి త్రాసులో పోశారు. నమ్మలేక మళ్లీ పోయించాను, మళ్లీ. మూడుసార్లూ ముప్పై గ్రాములే. నా చేతికి మూడేళ్లలో అంత నిలకడ ఎన్నడూ రాలేదు. ఇంట్లోనే ఉన్న మనిషిని గంజి గురించి ఒక్క మాటా అడగనందుకు సిగ్గేసింది.

"ఇంకేమైనా కొలవాలా?" అన్నారావిడ, చేతులు దులుపుకుంటూ.

"రేపటి నుంచి రోజూ రండి అత్తయ్యా" అన్నాను.

"వస్తాలే. ముందు ఆ కోటు విప్పి ఇటివ్వు, మెత్తబడిపోయింది."