మొదటి బస్తా

వరదలో ఇళ్లు పోయిన హమాలీలకు సాయం బియ్యం వచ్చాయి. వాటిని లారీల్లోంచి కాంట్రాక్టరు గోడౌన్‌లోకి మోసింది కూడా ఆ హమాలీలే. నేల ఊడ్చే గింజలక్క రాలిన బియ్యం పిడికెడు కొంగున కట్టుకుంటే, కాంట్రాక్టరు అందరిముందూ కొంగు విప్పించి దులిపించాడు. ఆ వారమే ఆమె పసిబిడ్డ శిబిరంలో గంజినీళ్లకు నోచుకోక కన్నుమూసింది.

బిడ్డను పూడ్చి వచ్చి, హమాలీల ముఠా అంతా సాయం పంచే అధికారిని నిలదీసింది.

"ఇది బ్లాక్‌చైన్, కంప్యూటరు చిట్టా. ఎవరికి ఎంత ఇచ్చామో ఎవరైనా చూడొచ్చు. ఒకసారి ఎక్కితే దేవుడొచ్చినా చెరపలేడు" అంటూ ఆయన ఫోను చూపించాడు. "మీకందరికీ బియ్యం అందినట్టే ఉంది. ఓటీపీ చెప్పి తీసుకున్నారుగా!"

అక్కడ దెబ్బతిన్నారు. ముఠా కూలి ఎప్పుడూ కాంట్రాక్టరు ఫోనుకే వచ్చేది, అతను పంచేవాడు. ఆ అలవాటు కొద్దీ, సాయానికి పేర్లిచ్చినప్పుడు కూడా అందరూ అతని నంబరే చెప్పారు. ఓటీపీలన్నీ అతనికే వెళ్లాయి, అతనే చెప్పేశాడు.

ముసలి మేస్త్రీ తల పట్టుకున్నాడు. "మన గొయ్యి మనమే తవ్వుకున్నాం. కాళ్లావేళ్లా పడదాం పదండి."

"ఎవడి కాళ్లు మావా?" గింజలక్క కోపంగా లేచింది. "బియ్యం మనవేనని ఆ ఫోనే చెబుతోంది. మనవి మనం తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుంది?"

"పోలీసులొస్తారే!"

"రానీ. నా బిడ్డ పోయినప్పుడు ఒక్కడూ రాలేదు."

గునపం దెబ్బకు గోడౌన్ తాళం ఊడింది. కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"దోపిడీ! దోపిడీ!"

"ఈ బియ్యం మావో, నీవో చెప్పు!" గింజలక్క ఎదురు నిలిచింది. "నీవంటావా, మాకు అందినట్టు ఎక్కించిన దొంగవి నువ్వే. మావంటావా, మొదటి బస్తా నువ్వే మొయ్యి."

ఇద్దరు హమాలీలు కొత్తవాడికి పని నేర్పినట్టు కాంట్రాక్టరు వీపున బస్తా ఎక్కించారు. గుమ్మం దాటకుండానే మోకాళ్లు నేలకు తగిలాయి. ఎవరూ లేపలేదు. గింజలక్క కళ్లారా చూసింది. ఆమెకు జాలి కలగలేదు. మనకెందుకు కలగాలి? అతని పక్కనుంచే బస్తాలన్నీ శిబిరానికి కదిలాయి.

పోలీసు జీపు వచ్చింది. "తాళం పగలగొట్టిందెవరు?" అని ఇన్‌స్పెక్టరు గర్జించాడు.

"నేనే" అంది గింజలక్క.

"మేమే!" అంది ముఠా. జీపులో అంతమందికి చోటు లేక, ఆమెనొక్కదాన్నే ఎక్కించారు.

కదులుతున్న జీపులోంచి ఆమె కేక వేసింది. "పక్క శిబిరం బియ్యం రైలుకట్ట దగ్గర వీడి ఇంకో గోడౌన్‌లో ఉన్నాయి! నాకోసం ఆగొద్దు!"

ముసలి మేస్త్రీ తలపాగా బిగించాడు. ఇంకా మోకాళ్లమీదే ఉన్న కాంట్రాక్టరును రెక్క పట్టి లేపాడు.

"నడు. అక్కడా మొదటి బస్తా నీదే."