జోసెఫ్ వదిలిపోయిన బిళ్ళలు

"ఎర్రగడ్డలు ఇంగా సన్నగా తరుగు మే. శివజ్యోతికి లావుగా ఉంటే పడదు," అన్నాడు హెన్రీ, వంటింటి గడప దగ్గర నిలబడి.

చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు నేను. కత్తిపీట ముందు కూర్చుని ఆరుగురికి సరిపడా ఉల్లిపాయలు తరుగుతున్నాను. పద్నాలుగేళ్ళ కాపురంలో నాకేది పడుతుందో, ఏది పడదో ఈ మనిషి ఒక్కసారైనా గమనించాడా అని వెతుక్కున్నాను. వంకాయ తింటే నాకు నాలుక దురద పెడుతుందని అతనికి ఇప్పటికీ తెలియదు. వారానికి రెండుసార్లు తెస్తాడు. శివజ్యోతి మా ఇంటికి వచ్చింది మాత్రం నాలుగు ఆదివారాలే.

ఆమె కడప నుంచి బదిలీ మీద కర్నూలుకు, హెన్రీ పనిచేసే ఆఫీసుకు వచ్చిన ఇంజినీరు. హెన్రీ, అతని స్నేహితులు సుధీర్, జోసెఫ్, యేసుప్రసాద్ మూడేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో పోకర్ ఆడతారు. పాస్టరుగారిది మా వీధే కాబట్టి పైసా పెట్టరు. అందరికీ సమానంగా రంగు బిళ్ళలు పంచుకుంటారు. అవి అయిపోయినవాళ్ళు లేచిపోవాలి, చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచినట్టు. ఎట్లా ఆడతారని మొదట్లో నేనూ అడిగాను. "నీకెందుకులే, తలకాయనొప్పి," అన్నాడు హెన్రీ. శివజ్యోతి వచ్చిన మొదటి ఆదివారం, ఆమెకు ఆట బాగా వచ్చని తెలిసి కూడా, పక్కన కూర్చుని గంటసేపు ముక్కలు పరిచి మరీ చెప్పాడు. నేను బజ్జీల పళ్ళెం పట్టుకుని, బల్ల మీద పెట్టడానికి చోటు లేక అట్లాగే నిలబడ్డాను.

కుళ్ళుకున్నాను. దాచడమెందుకు? ఆమె గోళ్ళ రంగు చూశాను, మెళ్ళో ఏముందో చూశాను. నేను పాఠాలు చెప్పే నందికొట్కూరు బడికి పోయే బస్సులో రానూ పోనూ ఆమె నవ్వే చెవుల్లో వినిపించేది. ఒకరోజు హెన్రీ స్నానానికి పోయినప్పుడు అతని ఫోన్ తెరిచాను. నేను భయపడిందేదీ అందులో లేదు. అన్నీ పేకముక్కల ఫొటోలే. ఒక్కొక్కదాని కిందా హెన్రీ ఆమెను అడిగిన మాట ఒక్కటే: "ఈడ నువ్వయితే ఏం చేస్తావు?" ప్రేమ కబుర్లు దొరికి ఉంటే కొట్లాడి ఉండేదాన్ని. ఈ మాటను ఏం చేసుకోవాలో తెలియలేదు. ఇల్లు కొన్నప్పుడు, పిల్లను హాస్టల్లో వేసినప్పుడు, నాకొచ్చిన ప్రమోషన్‌ను దూరమని నాచేత వద్దని రాయించినప్పుడు కూడా నన్నెవరూ ఆ మాట అడగలేదు. మా అత్త జీవమ్మ కోయిలకుంట్ల నుంచి వచ్చినప్పుడల్లా "మా కోడలికి నోరే లేదమ్మా" అని నలుగురికీ గొప్పగా చెబుతుంది.

ఆ ఆదివారం ఆట సగంలో ఉండగా జోసెఫ్‌కు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, వాళ్ళమ్మ కాలు జారి పడిందని. అతను పరుగున పోయాడు. అతని చోట కొన్ని బిళ్ళలే మిగిలాయి.

"అవి తీసేద్దాం," అన్నాడు యేసుప్రసాద్.

"ఎందుకు? ప్రసన్నక్క ఆడతాది," అంది శివజ్యోతి నన్ను చూపిస్తూ.

హెన్రీ నవ్వాడు. "ఆమెకు ఇస్పేటేదో ఆఠీనేదో తెలీదు."

"కూచోనీలేప్పా. రెండాటల్లో లేస్తాది," అన్నాడు సుధీర్.

చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చున్నాను. ఆమె దయతలచి ఇప్పించిన కుర్చీ కదా అని లోపల మండుతూనే ఉంది.

సుధీర్ నాకు ముందు ఆడతాడు. చేతిలో ముక్కలు ఏవైనా సరే, పందెం పెంచి ఎదుటివాళ్ళను బెదరగొట్టడం అతని పద్ధతి. ఐదాటలు నేను ముక్కలు చూసి, పందెం కాయకుండా దించేశాను. ప్రతి చుట్టుకూ తప్పనిసరిగా పెట్టే బిళ్ళలతోనే నా గుట్ట కరిగిపోతోంది.

"ఏందక్కా, ముక్కలు చూసేదానికే కూచున్నావా?" అన్నాడు సుధీర్.

"కొంచెం కొంచెం పెట్టి చూడు మే," అన్నాడు హెన్రీ.

కొంచెం కొంచెం పెట్టకూడదని నాకు తెలుసు. మూడేళ్ళు వాళ్ళ వీపుల వెనక నిలబడి చూశాను. బిళ్ళలు తక్కువున్న మనిషి సుధీర్ పెంచినంతా తనూ పెడతాడు. అందరికీ కలిపి బల్ల మీద పరిచే ముక్కలు తెరిచాక సుధీర్ మళ్ళీ పెంచుతాడు. అప్పుడు ఆ తక్కువున్న మనిషి భయపడి ముక్కలు దించేస్తాడు. అట్లా సగం సగం పోగొట్టుకునే అందరూ లేచిపోయేవాళ్ళు. తక్కువున్నప్పుడు వదిలేయాలి, లేదంటే ఉన్నదంతా మొదటే పెట్టి, ఏం చేయాలో అతన్నే తేల్చుకోమనాలి. మరీ ఆలస్యం చేసినా లాభం లేదు. నాలుగు బిళ్ళలకు ఎవరూ భయపడరు.

ఆరో ఆటలో నాకు ఆసు, తొమ్మిది వచ్చాయి. సుధీర్ ఎప్పటిలాగే పెంచాడు. నా బిళ్ళలన్నీ ముందుకు తోశాను.

"తప్పు మే, వాపసు తీసుకో," అంటూ హెన్రీ చెయ్యి చాచి వాటిని వెనక్కి లాగబోయాడు. అతని మణికట్టు పట్టుకున్నాను. నలుగురిలో అతన్ని ఆపడం నాకదే మొదలు.

"పెట్టినాను," అన్నాను.

సుధీర్ నవ్వుతూ తనూ అన్ని బిళ్ళలు పెట్టాడు. అతని చేతిలో రాజు, నాలుగు. బల్ల మీద పడిన ఐదు ముక్కలూ ఇద్దరికీ కలిసిరాలేదు. నా ఆసే గెలిచింది. గుట్ట రెండింతలైంది. కాసేపటికి అతను మళ్ళీ పెంచాడు, నేను మళ్ళీ అన్నీ తోశాను. ఈసారి నా ముఖం చూసి ముక్కలు విసిరేశాడు.

"అన్న దగ్గర ఏం లేదని నీకెట్ల తెలిసిందక్కా?" అని అడిగింది శివజ్యోతి.

"మంచి ముక్కలొస్తే సుధీరన్న టీ గ్లాసు ముట్టడు. ఏమీ లేకుంటే గుక్క మీద గుక్క తాగుతాడు. మూడేళ్ళుగా పోస్తాండా కదా."

యేసుప్రసాద్ పక్కున నవ్వాడు. సుధీర్ మెల్లగా గ్లాసు కింద పెట్టాడు. హెన్రీ నవ్వలేదు. "నన్ను గూడా ఇట్లనే చూస్తాంటివా?" అన్నాడు.

బిళ్ళలు అయిపోయి హెన్రీ నాకంటే ముందే లేచిపోయాడు. చివరికి శివజ్యోతీ, నేనూ మిగిలాం. నాకు రాణుల జత వచ్చింది. అన్నీ పెట్టాను. ఆమె దగ్గర రాజుల జత ఉంది. తప్పేమీ ఆడలేదు, అయినా ఓడిపోయాను. నిజం చెబుతున్నాను, ఈ నాలుగు వారాల్లో ఎప్పుడూ లేనంత కుళ్ళు అప్పుడు పుట్టింది. కానీ హెన్రీ ఆమెను ఎట్లా చూస్తున్నాడో చూడాలని తోచలేదు. ఆమె ఏ ముక్కలకు ఎంతసేపు ఆలోచించిందో, అదే గుర్తుచేసుకుంటున్నాను.

ఆమె స్కూటీ తీస్తుంటే గేటు దాకా వెళ్ళాను.

"ఈ రెండో శనివారం నాకు సెలవు. మీ ఇంటికి వస్తా, ఆట నేర్పు."

"నీకు వచ్చు కదక్కా. ఇంగేం నేర్పల్ల?"

"నిన్నెట్ల ఓడించాల్నో నేర్పు."

ఆమె నా ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలిసినట్టుంది, నవ్వలేదు. "పదింటికి రా," అంది.

వెనకనుంచి హెన్రీ గొంతు వినిపించింది. "శనివారం మా అమ్మ వస్తాండాది కదా. నువ్వు యాడికి పోతావు?"

"మీ అమ్మ వచ్చేది నిన్ను చూసేదానికి కదప్పా," అన్నాను గేటు వేస్తూ. "నువ్వుండు."