గొలుసు కట్టిన గ్లాసు వాంగ్మూలం

నేను ఒక స్టీలు గ్లాసును. పుష్యమాసంలో ఒక ఆదివారం ఉదయం మా ఊరి పఠన మందిరంలో జరిగిన విచారణకు హాజరైనవారిని, వారు ఆసీనులైన క్రమంలోనే చెబుతాను. బల్లకు ఎదురుగా అధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు దక్షిణామూర్తి గారు. వారి కుడివైపు హోమియో వైద్యులు చిట్టిబాబు గారు. ఎడమవైపు, తొమ్మిది రోజుల జ్వరం నుంచి లేచి మఫ్లరు చుట్టుకుని వచ్చిన విశ్వనాథం గారు. తలుపు దగ్గర, మందిరం ఊడ్చి కుండలో నీళ్లు నింపే పైడమ్మ. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. చివరగా బల్ల మీద, కుండ స్టాండు నుంచి విప్పిన గొలుసుతో సహా, బోర్లా నేను. నిందితులలో నాది రెండవ స్థానం. మొదటిది పైడమ్మది.

ముందుగా నా పుట్టుక సంగతి. రేకును అచ్చులో పెట్టి ఒత్తగా పుట్టాను. ఆ తరువాత ఎవరికీ లొంగలేదు. ఒక పెళ్లిలో చదివింపుగా వెళ్తే, ఆ ఇంట అప్పటికే నావంటివి నలభై ఉన్నాయని మందిరానికి విరాళమిచ్చారు. దాత పేరు నా పొట్ట చుట్టూ రెండుసార్లు తిరిగింది. నా అంచు కింద బెజ్జం వేసి, గొలుసుతో కుండ స్టాండుకు కట్టారు. ఇళ్లకు వెళ్లి తిరిగి రాని పుస్తకాలకు మాత్రం గొలుసు లేదు.

కుండ పైన దక్షిణామూర్తి గారి దస్తూరీతో ఒక బోర్డు: ‘ఎత్తి తాగవలెను. అంచు తాకరాదు.’ అంచు తాకకపోతే ఎంగిలి లేదు, ఎంగిలి లేకపోతే రోగం లేదు అన్నది వారి సిద్ధాంతం. మా పాఠకులు నన్ను జానెడు ఎత్తున పట్టుకుని, చొక్కా మీద చుక్క పడకుండా తాగేవారు. ఇరవై రెండేళ్లు ఆ విద్యను చూసి నేనూ గర్వించాను.

ఆ ఏడు చలితోపాటు జలుబూ ఊరి మీద పడింది. ఇళ్లలో మిరియాల చారు కాగింది, పసుపు నీళ్ల ఆవిరి లేచింది. అయినా మందిరానికి రావడం ఒక్కరూ మానలేదు. ముక్కు కారుతున్నా సరే, పత్రికలో మొదటి పేజీ మరొకరి చేతిలో పడకూడదు. వారం తిరిగేసరికి అయిదుగురు మంచం పట్టారు.

కుండ సరిగా తోమకపోవడం వల్లనే ఇలా జరిగిందని అధ్యక్షుల అభియోగం. రుజువైతే ఒకటో తారీఖు నుంచి మరొక మనిషి వస్తుంది. పదకొండేళ్లుగా పైడమ్మ ఇల్లు నడుస్తున్నది ఆ జీతం మీదనే.

“తప్పు కుండదైతే కుండను మాన్పించండి మాస్టారూ,” అన్నారు చిట్టిబాబు గారు. ఎవరూ నవ్వలేదు.

చెప్పుకునేది ఏమైనా ఉన్నదా అని అధ్యక్షులు అడిగారు.

“కుండ రోజూ తోముతున్నాను బాబూ,” అంది పైడమ్మ. “ఒక్క మాట అడగనా? దగ్గొచ్చినోడు ఎత్తి తాగ్గలడా?”

చిట్టిబాబు గారు నన్ను నింపి విశ్వనాథం గారికి అందించి, ఒకసారి ఎత్తి తాగమన్నారు. రెండవ గుటకకే పొలమారింది. మఫ్లరు తడిసింది.

“చంపేస్తావటయ్యా,” అన్నారాయన ఊపిరి తిప్పుకుని. జ్వరానికి ముందు, చలికి గొంతు గరగరలాడిన నాటి నుంచీ అంచుకు నోరు పెట్టే తాగుతున్నానని ఆ తరువాత నేల చూస్తూ ఒప్పుకున్నారు.

విషయం అందరికీ అప్పుడు బోధపడింది. ఆరోగ్యవంతులు ఎత్తి తాగారు. రోగులు చాటుగా అంచు తాకారు. బోర్డులోని నియమాన్ని పాటించినవారు దాని అవసరం లేనివారే. మరి, విశ్వనాథం గారికి అంటించినది ఎవరు?

దక్షిణామూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ముందు నేను,” అన్నారు. “మూడు వారాల కిందట. ఎవరూ లేరనుకుని నోరు పెట్టి తాగాను. రాసుకోండి.”

బోర్డు దిగింది. పైడమ్మ కొలువు నిలిచింది. ఎవరి సీసా వారే తెచ్చుకోవాలనీ, దగ్గు తగ్గేవరకు ఇంటనే ఉండాలనీ, గుమ్మం దగ్గర సబ్బుతో చేతులు కడిగాకనే పత్రిక ముట్టాలనీ తీర్మానించారు. నా గొలుసు తెంచి, ఆ చేతుల మీద నీళ్లు పోసే పనికి నియమించారు. నాకు క్షమాపణ చెప్పినవారు లేరు. నేను అడగనూ లేదు. స్టీలుకు జలుబు చేయదు, మహాశయులారా. ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి నేను మోసినదంతా మీ సొత్తే.

మినిట్సు పుస్తకానికి ఎక్కని ఒక సంగతిని మాత్రం ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను. అధ్యక్షులు నా అంచుకు నోరు పెట్టిన పూట కిటికీ అవతల చీపురుతో నిలబడి పైడమ్మ చూసింది. తన కొలువు పోయేటట్లున్న ఆ ఉదయం కూడా ఆ పేరు ఆమె నోట రాలేదు. ప్రశ్న మాత్రం అడిగి, తనంతట తాను ఒప్పుకొనే గౌరవాన్ని ఆయనకు మిగిల్చింది. ఇందుకు శ్రీమతి పైడమ్మ గారికి ఈ గ్లాసు సవినయంగా కృతజ్ఞతలు తెలుపుకొంటున్నది.