మళ్లీ పూయాల్సిన గోడ

టక్.

మిట్టమధ్యాహ్నం, గోడలోంచి చప్పుడు. ఎండిన కందికాయ పగిలినట్టు — చిన్నది, పొడిది.

దేవయ్య లెక్క పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోది.

కిటికీ మూల నుంచి దిగిన బీట నిన్న జానెడు. ఇవాళ మూరెడు. పక్కన ఇంకోటి పుట్టింది, వెంట్రుకంత. వేలు పెట్టి చూశాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

సోమవారానికి మూడు రోజులు.

సిరోంచలో ముప్పై ఏళ్లుగా సిమెంటు, టైల్సు అమ్ముతున్న మనిషి. ముగ్గు పోసిన జాగా చూసి ఎన్ని బస్తాలు పడతాయో చెప్పేస్తాడు. ఒక్కసారి చేస్తే మళ్లీ ముట్టుకోవద్దు — అది అతని వ్యాపారం. అతని బతుకూ అదే. మళ్లీ మళ్లీ చెయ్యాల్సిందంతా నష్టం కిందే లెక్క.

పోయినేడు ప్రాణహిత వైపు కొత్త ఇల్లు కట్టాడు. అద్దంలాంటి నేల. తెల్లటి ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో దాచిన దీపాలు. చూసినవాళ్లంతా షోరూమ్ లెక్క ఉందన్నారు.

కూతురు కళ్యాణి మాత్రం ఆ ఇంట్లో ఒక్క గీత గీయలేకపోయింది.

ఇళ్ల లోపలి డిజైన్ చదివి నాగపూర్ నుంచి వచ్చిన పిల్ల. కాగితం పరుచుకుంటుంది. లేస్తుంది. గది మారుస్తుంది. మళ్లీ లేస్తుంది...

“ఈ ఇంట్ల మాట పోయి గోడకు తాకి మళ్ల నా చెవులనే పడుతుంది బాపూ. పరేషాన్ అయితున్న.”

నాగపూర్‌లో ఉద్యోగం సిద్ధంగా ఉంది. సోమవారం జవాబు చెప్పాలి. పెరట్లో ఒక మట్టిగది ఉంటే ఇక్కడి నుంచే పని చేసుకుంటానంది.

గది నిలబడితే ఉంటుంది. లేకపోతే బస్సెక్కుతుంది.

అందుకే పెర్మిలి నుంచి, మట్టిగోడలు పూసే జంగుబాయి వచ్చింది. వెదురు తడకలు నిలబెట్టింది. పుట్టమన్ను, పేడ, తరిగిన వరిగడ్డి — గుంటలో నానబెట్టి కాళ్లతో తొక్కింది. తాపీ ముట్టలేదు. అరచేత్తో మెత్తింది. పక్కన కళ్యాణి కూడా, మోచేతుల దాకా మట్టితో. ఆ పిల్ల ఒకేచోట అంతసేపు నిలబడటం దేవయ్య చూసి ఎన్ని నెలలైందో.

“ఎన్నేండ్లు ఉంటది ఇది?” అన్నాడు.

“ఉంటది సేఠ్. వానలు పోంగనే ఏడాదికోసారి పుయ్యాలె. అంతే.”

ఏడాదికోసారి.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పదేళ్లకు పది పూతలు. ఎవరు పూస్తారు? ఎన్నిసార్లు పూస్తారు?

పైపూతకు మట్టి నానబెట్టి, నువ్వే పుయ్యి బిడ్డా, ఆఖరు పూతకు వస్తానని కళ్యాణికి చెప్పి జంగుబాయి ఊరికి పోయింది. కళ్యాణి అన్నం తినడానికి లోపలికి వెళ్లింది.

దేవయ్య దుకాణం నుంచి అరబస్తా సిమెంటు తెచ్చాడు. గుంటలో పోశాడు. పారతో కలిపాడు.

ఒక్కసారి చేస్తే చాలు.

మేలే చేశాననుకున్నాడు.

కళ్యాణి పూసింది. మూడో రోజు గోడ పగలడం మొదలైంది.

“నా చేతికి రాలేదు,” అంది. గొంతులో కోపం కూడా లేదు. చేతులు కడుక్కుని వెళ్లి అటక మీది సూట్‌కేసు దించింది.

అతను దుకాణానికి పోయాడు. తిరిగొచ్చాడు. గోడ దగ్గర నిలబడ్డాడు.

టక్.

ఆ నాలుగో చప్పుడు విన్న మధ్యాహ్నమే జంగుబాయి వచ్చింది. వేలి కణుపులతో గోడను కొట్టింది. చెవి ఆనించింది. పెచ్చు ఒకటి ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“నీ దుకాణం వాసనొస్తుంది సేఠ్.”

కళ్యాణి గుమ్మంలో ఆగింది.

“ఎండకు తడక కదులుతది. మట్టి దానితోని కదులుతది. గిది కదలనంటది. ఎవలు కలిపిన్రు?” అంది జంగుబాయి.

ముప్పై ఏళ్లలో ఎన్ని గోడలు పగల్లేదు! ప్రతిసారీ ఒక పేరు ఉండేది — మేస్త్రీది, ఇసుకది, నీళ్లది.

ఈసారి ఇంకో పేరు దొరకలేదు.

“నేనే,” అన్నాడు. “ఏటేట ఏం తిప్పల పడుతవ్ బిడ్డా అని...”

కళ్యాణి గోడ దగ్గరకు వచ్చి బీట మీద వేలు పెట్టింది.

“ఏటేట పుయ్యాలంటే ఏటేట నేనీడ ఉండాలె కద బాపూ.”

అంతే అంది. లోపలికి వెళ్లింది.

దేవయ్య గోడ వైపు తిరిగాడు. నష్టం కింద రాసుకున్నదే కదా... బిడ్డను ఇక్కడ పట్టి ఉంచేది.

జంగుబాయి తాపీ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“నువ్వే గీకు, సేఠ్. పూసుడుకు నీ తాపీ వద్దు గని, గీకుడుకు మంచిగుంటది.”

గీకాడు. పొద్దు గూకే దాకా. తెల్లారి మళ్లీ. పెచ్చులు కాళ్ల మీద రాలాయి, గోళ్ల సందుల్లో దూరాయి. తర్వాత కొత్త మట్టి తొక్కాడు. జంగుబాయి చూపించినట్టు అరచేత్తో పూశాడు — వంకరగా, ఎత్తుపల్లాలుగా.

కళ్యాణి ఒకసారి వచ్చింది. చూసింది. అతని చెయ్యి పట్టుకుని, పూత పైకి కాదు పక్కకు అన్నట్టు జరిపింది. వెళ్లిపోయింది.

ఆదివారం. మిట్టమధ్యాహ్నం. తడిగోడకు ఎదురుగా దేవయ్య గొంతుక్కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

రేపు సోమవారం.

గాలి లేదు. గోడ ఏమీ అనడం లేదు. చెవి దగ్గరగా పెట్టాడు — మట్టివాసన, చల్లదనం, ఇంకేమీ లేదు.

అప్పుడు... ఎక్కడో...

టక్.

గోడో. లోపలి గదిలో సూట్‌కేసు గొళ్లెమో.

కళ్యాణి వేసిందో, తీసిందో.

అతను అరచెయ్యి గోడ మీదే ఉంచి విన్నాడు.