ఆరో బుట్ట ముందరి కొమ్మ

రెబెకా టీచర్‌కు కుదురు తక్కువ. కూర్చున్నచోట కూర్చోదు, పెట్టిన వస్తువును పెట్టినచోట ఉండనివ్వదు. రాష్ట్ర పోటీలకు చోటు చూసే పరిశీలకుడు వచ్చేది పదింటికైతే, ఆమె తెల్లవారకముందే చంద్రగిరి అవతల మునికృష్ణ మామిడితోటలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

ఆ తోటలోనే ఆమె డిస్క్ గోల్ఫ్ మైదానం ఉంది. బంతికి బదులు ప్లాస్టిక్ పళ్ళెం, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుపబుట్ట. తక్కువ విసుర్లలో పళ్ళేన్ని బుట్టలో వేసినవాళ్ళదే గెలుపు. బుట్టలన్నీ ఆమే దగ్గరుండి వెల్డింగ్ చేయించింది. రాష్ట్ర పోటీలు ఇక్కడ పెడితే, పొరుగూళ్ళ పోటీలకు ఇళ్ళలో పంపని ఆమె బడి ఆడపిల్లలు కూడా ఆడతారు. ఆమె ఆరాటమంతా అందుకే.

మైదానంలో మంచీ ఉంది, చెడ్డా ఉంది. నీడకు కొదవ లేదు. కొండగాలి మధ్యాహ్నం దాకా బుద్ధిగా ఉంటుంది, ఆ తర్వాత దాని ఇష్టం. మూడో బుట్ట దగ్గర పల్లం, వానొస్తే బురదే. ఇవన్నీ ఒక ఎత్తు, ఆరో బుట్ట ఒక ఎత్తు. దానికి అడ్డంగా బెంగుళూరు మామిడి కొమ్మ ఒకటి నేలబారుగా చాచుకొని ఉండేది. దాని పక్కగా పళ్ళేన్ని వంపు తిప్పి విసరాలి.

ఉండేది అనే చెప్పాలి. నిన్న సాయంత్రం రెబెకా విసిరిన ప్రతిసారీ పళ్ళెం ఆ కొమ్మకే తగిలింది. టీచరుకే చేతకానిది పిల్లలకేం వస్తుందని పరిశీలకుడు అంటాడేమోనని ఆమె భయం. కొమ్మ కొట్టేయమని మునికృష్ణను పట్టుకుంది.

కాయ మీదున్న చెట్టుకు ఆ పక్క రైతులు కత్తి పెట్టరు. మునికృష్ణ ఆ మాటే చెప్పి, కోతలయ్యేదాకా ఆగమన్నాడు. ఆమె ఆగే మనిషా? బతిమాలింది, అలిగింది, చివరికి గొడ్డలి తానే అందుకుంది. ఆమె చేతిలో గొడ్డలి చూసి భయపడి అతనే కొట్టాడు. కొట్టాక మానును ఒకసారి తడిమి, పచ్చికాయలు గంపకెత్తుకొని ఇంటికి వెళ్ళిపోయాడు.

పరిశీలకుడు హృషీకేశ్ అనంతపురం మనిషి. నీడను మెచ్చుకున్నాడు. మూడో బుట్ట దగ్గర మట్టి తోలించమన్నాడు. రెబెకాకు కొంచెం ఊపిరాడింది. ఆరో బుట్ట దగ్గర అతను ఆగి అటూ ఇటూ చూశాడు.

“మీరు పంపిన వీడియోలో ఈడొక కొమ్మ ఉండె కదా మేడమ్. దాన్ని చూసే నేను ఇంత దూరం వచ్చినాను.”

రెబెకా వెంట వచ్చిన మునికృష్ణ వైపు చూసింది.

“గాలికి ఇరిగిందప్పా,” అన్నాడు మునికృష్ణ.

మాను మీద గొడ్డలి గాటు ఇంకా పచ్చిగానే ఉంది. హృషీకేశ్ దాన్ని చూశాడు.

“గాలి కాదు సార్. నేనే కొట్టించినాను. అడ్డమనుకున్నాను.”

అతను నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. మిగతావన్నీ తిన్నగా విసిరే బుట్టలేననీ, ఆటగాడి పనితనం తేలేది ఆ ఒక్కచోటేననీ చెప్పాడు. ఈ ఏడాది పోటీలు వేరే ఊళ్ళో పెట్టుకుంటామని కారెక్కాడు.

రెబెకాకు ఏడుపొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కాళ్ళు నిలవలేదు. పక్క చెట్టు కొమ్మను తాడేసి వంచితే ఎలా ఉంటుందని అడిగింది. బుట్టనే జరిపేద్దామంది. రేపే అనంతపురం వెళ్తానంది. మునికృష్ణ నిన్న అక్కడే వదిలేసిన గొడ్డలిని తీసి వీపు వెనక పెట్టుకున్నాడు.

“కొమ్మ మల్లా వస్తాదిలేమ్మా. అది వచ్చేదాకా నువ్వు కుదురుగా ఉండు, సాలు.”